కపోయెరా శబ్దము - తచ్చరిత్రము

బ్రెజిలు దేశమున ఆఫ్రికా సంతతివారి నడుమఁ బెరిగిన విద్య యొకటి కలదు. దానికిఁ గపోయెరా యని పేరు. చూచువారు వలయముగా నిలుతురు. ఆ వలయమును రోడ యందురు. పోర్చుగీసు భాషలో నది చక్రమునకుఁ బేరు. వలయపు మొగమున, సొరకాయబుఱ్ఱ కట్టిన యొంటితీఁగె విల్లు మ్రోఁగుచుండును. ఆ వింటి పాదముకడ నిద్దఱు గొంతుకూర్చుండి, పాట ముగియువఱకు వేచి, పిమ్మట నడుమకు వత్తురు. ఒకఁడు కాలు విసరును. రెండవవాఁడు దానిని జేతితో నాఁపఁడు, క్రిందుగా జాఱిపోవును, పోవుచునే తానును గాలు విసరును. చేతులు నేలమీఁద, కాళ్లు గాలిలో. దెబ్బ తఱచుగాఁ దగులదు. తగులవలసిన చోటికి వచ్చి నిలిచిపోవును. ఇది నృత్యమా, యుద్ధమా, ఆటయా యని క్రొత్తగాఁ జూచినవాఁడు తేల్చుకొనలేఁడు. నేనును జలనచిత్రములలోఁ జూచి తేల్చుకొనలేకపోయితిని. వ్యాకరణము చదివినవాఁడ నగుటచే, నా యలవాటు చొప్పున, మొదట పేరును బట్టుకొంటిని. ఆ పేరు నన్నెంతదూరము గొనిపోయినదో, ఎక్కడ విడిచిపెట్టినదో మనవి చేసెదను.

కపోయెరా యనునది చూచుట కొక్క పదమే కాని నిజమునకు రెండు పదములు. ఒకటి శుద్ధమైన పోర్చుగీసు పదము. వృషణములు తీసి బలియఁజేసిన కోడిపుంజును వారు కపావ్ అందురు. అట్టి కోళ్లను మూసియుంచు గంప కపోయెరా. రెండవది బ్రెజిలు నాదిమవాసుల తుపీభాషనుండి వచ్చినది. అందు కఅ యనఁగా నడవి. పుఎర యనఁగాఁ బూర్వముండి యిప్పుడు లేనిది. అడవిని నఱికి, సాగుచేసి, విడిచిన చోట మరల మొలచు చిట్టడవికి నేఁటికిని ఆ దేశమున నిదియే పేరు.

తుపీభాషలో నొక వింత కలదు. మనకుఁ గాలభేదము క్రియయందే. వారికి నామమునందును గలదు. గడచిన వస్తువునకుఁ బుఎర యనియు, కాఁబోవు వస్తువునకు రమ యనియుఁ బ్రత్యయములు నామమునకే చేరును. ఇది చదివినప్పుడు నాకుఁ గలిగిన సంతోషము చెప్పరానిది. ఏలయన మన పాణినియుఁ దన యైదవ యధ్యాయమున భూతపూర్వ మను నర్థమునందుఁ జరట్ ప్రత్యయమును విధించియున్నాఁడు. పూర్వము ధనికుఁడై యిప్పుడు కానివాఁ డాఢ్యచరుఁడు. ఆ లెక్కనుఁ గపోయెరాను సంస్కృతీకరించినచో వనచరము కావలెను. అడవిలోఁ దిరుగువాఁడు వనచరుఁడు. ఒకప్పు డడవి యైనది వనచరము. పాఱిపోయిన బానిసలు పొదలలో దాఁగి యీ యుద్ధమును సాధన చేసి రని నమ్మువారికి ఈ శ్లేష మిక్కిలి రుచించును. కాని శ్లేష ప్రమాణము గాదు.

బ్రెజిలు పండితులును ఈ పదముపైఁ గలహించియున్నారు. జొజె ద అలెంకార్ అను నవలాకారుఁడు 1865లో వెలువడిన తన ఇరసెమ నవలకు వ్రాసిన టిప్పణములలో నొక వ్యుత్పత్తిని జెప్పెను. బొరెపైర్ రొహాన్ దానిని ఖండించి, మొదటి భాగ మడవి కాదు, కో యనఁగాఁ బొలము, కావునఁ బాడుపడిన పొలమని యర్థ మనెను. మసేదో సొవారెస్ ఆ మాటను ఖండించి యడవినే నిలిపెను. వీరి తగవు ప్రధానముగాఁ జిట్టడవి పేరును గూర్చినది. ఆ పేరు మనుష్యుల యాట కెట్లు వచ్చెనో చెప్పుట పిమ్మటివారి పాలఁబడెను. ఆంతెనోర్ నసెంతెస్ అను నిఘంటుకారుఁడు, కపోయెరా యను నొక పక్షి కలదనియు, దానిలో మగది తనకుఁ బోటివచ్చిన మగదానిపైఁ బడి పోరాడుననియు, ఆ పోరాటమే యాట పేరునకు మూలమనియుఁ దలఁచెను. మఱియొకరు కోళ్లగంపలను దలపై మోసికొని యంగడికి వచ్చు బానిసలు, అంగడి తెఱచుదాఁకఁ బ్రొద్దుపుచ్చుట కాడుకొనిరి గనుక గంపపేరే యాటపే రయ్యె ననిరి. కాంగోదేశపు పండితుఁడు ఫుకియావ్ తన కికొంగో భాషలోని కిపుర యను పదమును జూపి, కోడిపుంజు పోరులో నెగిరి కొట్టుకొనుట దాని యర్థ మనెను.

అడవి, పొలము, గంప, పక్షి, పుంజు! ప్రతి వ్యుత్పత్తియు ఆటలోని యేదో యొక యంశమునకుఁ జక్కగా నొదుగుచున్నది. అనుమానింపవలసిన దిదియే. మనము యాస్కుని సంతతివారము. ఏ పదమునైనను నిర్వచింపక విడువరాదను పట్టుదల యెట్టి ప్రమాదములకు దారితీయునో మనకుఁ దెలిసినట్లు మఱియొకరికిఁ దెలియదు. కుశల శబ్దమును జూడుఁడు. దర్భలను గోసి తెచ్చువాఁడు కుశలుఁడు. చేయి తెగకుండ దర్భ కోయుటకు నేర్పు కావలెను; ఆ నేర్పే యర్థమై నిలిచినది, దర్భ పోయినది. నేఁడు కుశలుఁ డన్నచో నెవరికిని దర్భ తలఁపునకు రాదు. కుశ శబ్దమును బట్టుకొని కుశలుర చరిత్ర వ్రాయఁబూనువాఁడు గడ్డినిగూర్చి వ్రాయును. కపోయెరా విషయమునను అంతే. అవయవార్థమును విడిచి, రూఢి యెప్పుడు, ఎక్కడ, ఎవరి నోట నేర్పడెనో వెదకవలసియున్నది. వెదకఁగా నది యాడువారి నోటఁ గాక, పట్టుకొని శిక్షించువారి నోట దొరకినది.

ఇంతవఱకుఁ దెలిసిన పత్రములలోఁ దొలిది న్యాయస్థానపు పత్రము. నిరేవు కవల్కాంతి యను చరిత్రకారుఁడు దానిని వెలికిఁ దీసెను. రియో ద జనీరో నగరమున ఆదావ్ అను మిశ్రజాతి బానిస యుండెను. అతని యజమాని మనుయెల్ కర్దోజో ఫొంతెస్. ఈ యజమాని యతనిని గట్టడపుఁబనులకుఁ గూలికిఁ బంపి, యా కూలిని దాను గైకొనుచుండెను. ఒక హత్య విషయమున ఆదావ్ పట్టువడెను. హత్య యతఁడు చేయలేదని విచారణలోఁ దేలెను. కాని కపోయెరా యగుట ఋజువయ్యెను. అంతమాత్రమునకే 500 కొరడాదెబ్బలు, 2 సంవత్సరములు ప్రభుత్వపుఁబనులలో వెట్టి, శిక్షగా విధింపఁబడెను. దెబ్బలు తిని, కొన్ని నెలలు వెట్టి చేసిన పిమ్మట యజమాని రాణికి విన్నపము చేసికొనెను: తాను బేదవాఁడ ననియు, వీని కూలిమీఁదనే బ్రదుకుచున్నాననియు, ఇఁకఁ గపోయెరాలతోఁ గూడనీయననియు, క్రీస్తు పడిన యాతనలపేర మిగిలిన శిక్షను మన్నింపవలయుననియు. 1789 ఏప్రిలు 25న నా విన్నపము మన్నింపఁబడెను. శిక్ష తగ్గినది కూలిడబ్బు కొఱకు. ఇందు న్యాయాధిపతి మాట యున్నది, యజమాని మాట యున్నది. ఆదావ్ ఆ యాటను దానేమని పిలిచెనో, ఎవరివలన నేర్చెనో యీ కథలో నెక్కడను లేదు.

ఈ కథలో వ్యాకరణము చదివినవాఁడు గమనింపవలసిన దొకటి కలదు. ఇందుఁ గపోయెరా యనునది విద్య పేరు గాదు, మనుష్యుని పేరు. ఆదావ్ కపోయెరా యాడువాఁడు కాఁడు, ఆదావే కపోయెరా. 19వ శతాబ్దిలో విద్యను జెప్పవలసివచ్చినప్పు డీ మనుష్యవాచకముపై నొక తద్ధితమును జేర్చి కపోయెరాజెమ్ అనిరి. కపోయెరాల నడవడి యని దాని యర్థము. వండువాఁడు గనుక వంటవాఁ డందుము. క్రియ ముందు, కర్త వెనుక. ఇక్కడ వరుస తలక్రిందైనది. అధికారులు మొదట నొక తెగ మనుష్యులకు నేరస్థుల పేరు పెట్టిరి. పిమ్మట వారేమి చేసిన నది యా పేరిటి క్రియ యయ్యెను. అడవి మాట యా తెగ కెట్లు తగిలినను, తగిలించినవారు పొదలనుండి చూచినవారు గారు, చెఱసాలనుండి చూచినవారు.

1808లోఁ బోర్చుగలు రాజప్రతినిధి యగు యువరాజు తన కొలువుతో రియో నగరమునకు వచ్చెను. అప్పటి పోలీసు పట్టికలు నిలిచియున్నవి. కార్లోస్ ఎవుజీనియో లీబనో సొవారెస్ వానిని బరిశీలించి పెద్ద గ్రంథములు వ్రాసెను. 1810 మొదలు 1821 వఱకుఁ గపోయెరాలని పట్టువడినవా రించుమించుగా నందఱును బానిసలు. వారిలో నెక్కువమంది యాఫ్రికాలోనే పుట్టినవారు. వారిలోను గాంగో, అంగోలా, బెంగ్వేలా ప్రాంతములవారే హెచ్చు. బ్రెజిలులో దింపఁబడిన యాఫ్రికావాసుల సంఖ్య మొత్తము సుమారు 48 లక్షలని చరిత్రకారులు లెక్కగట్టియున్నారు. అమెరికా ఖండములలో మఱి యే దేశమునకును అంతమంది రాలేదు. నగరమునఁ దిరుగు బానిస తోఁటలోని బానిసవంటివాఁడు గాఁడు. అతఁడు నీళ్లు మోయును, రేవున మూటలు దింపును, దినమంతయు వీథిలో నుండి సాయంకాలమునకు యజమానికిఁ గూలి యప్పగించును. నీటిపంపులకడ, అంగళ్లకడ, రేవుకడ చోటు కొఱకు, పని కొఱకుఁ దగవులు. ఆ తగవులలోనే కపోయెరా మనకుఁ గానవచ్చుచున్నది.

ఇచ్చట జనప్రసిద్ధములైన కొన్ని కథలను గూర్చి చెప్పక తప్పదు. చెఱకుతోఁటల గుడిసెలలో బానిసలు యుద్ధమును నృత్యముగా మాఱువేషము వేసి యజమానుల కన్నుగప్పి రని యొక కథ. కాని బానిసలు డోలుకొట్టి కూడుటయే యధికారులకుఁ బలుమాఱు కంటగింపై, ఆ గుంపులను జెదరఁగొట్టుచుండిరి. ఒక నేరమును దాఁచుటకు మఱియొక నేరమును గప్పుకొనువాఁ డుండునా? చేతులకు సంకెళ్లుండుటచేఁ గాళ్లతోఁ బోరాడి రని మఱియొక కథ. సంకెళ్లున్నవాఁడు చేతులమీఁద నిలుచుట సులభమా? పాఱిపోయిన బానిసలు కట్టుకొన్న పల్మారెస్ రాజ్యమున, 1695లోఁ జంపఁబడిన జుంబి నాయకుని సేన దీనితోనే గెలిచెనని వేఱొక కథ. ఆ యుద్ధములను వర్ణించిన యానాఁటి పత్రములలోఁ గపోయెరా మాట కానరాదు. మూలపత్రములన్నియు రుయ్ బర్బోజ మంత్రి తగులఁబెట్టించెను గనుకఁ జరిత్ర తెలియదని కొందఱందురు. అతఁడు 1890 డిసెంబరు 14న నాజ్ఞ యిచ్చిన మాట నిజమే. కాని కాలినవి ముఖ్యముగా యజమానులు నష్టపరిహార మడుగుటకుఁ బనికివచ్చు పన్ను పట్టికలు, నమోదు పుస్తకములు. పోలీసు పత్రములు, న్యాయస్థాన పత్రములు పెక్కు నిలిచియే యున్నవి. లేనిచో ఆదావ్ పేరు మనకెట్లు తెలియును? ఈ కథలను గట్టినవారిని నేను నిందింపను. తాతలు తిన్న దెబ్బల పట్టికకంటెఁ దాతలు గెలిచిన యుద్ధపుఁ గథ మనుమలకుఁ బ్రియము.

ఇఁక ఆఫ్రికాలోని మూలము మాట. అంగోలాలో నివసించిన యాల్బనో నెవెస్ ఎ సొవ్జ యను చిత్రకారుఁడు 1960ల నడుమ బ్రెజిలునకు వచ్చి, కపోయెరాను జూచి, ఇట్టిదానినే దక్షిణ అంగోలాలోఁ జూచితి ననెను. అక్కడి బాలికలు యుక్తవయస్కు లగునప్పుడు జరుగు నుత్సవమున యువకులు ఎంగొలో యను పోరాట మాడుదురఁట. ఆ పేరు చారలగుఱ్ఱమునకు సంబంధించినది. అది వెనుకకాళ్లతోఁ దన్నును గదా. కామర కస్కూదో 1967లో దీనిని బ్రకటించుటతో, ఆఫ్రికా మూలము దొరకిన దని పెక్కండ్రు నిశ్చయించుకొనిరి. పిమ్మటఁ జరిత్రకారుఁడు మథియాస్ అసుంసావ్, గురువు కోబ్ర మాంస మొదలగువా రంగోలాకుఁ బోయి, యెంగొలో యెఱిఁగిన వృద్ధులను గలిసికొనిరి. నేలఁ జేయి మోపి విసరు తన్నులలోఁ బోలిక స్పష్టముగా నున్నది. అయిన నది చప్పట్లతోఁ బాటలతో నాడునది. వింటి వాద్యము లేదు. ఇది దీని తల్లి యనుటకంటెఁ బినతల్లి యనుట నాకు యుక్తముగాఁ దోఁచుచున్నది. మార్టినీకు ద్వీపమున లాద్య యను నాట యున్నది. అదియు నాఫ్రికావారు దెచ్చిన విద్యయే, కాని కపోయెరా గాదు. ఒక యోడలో వేర్వేఱు జాతులవారిని గుదించి తెచ్చి, వేఱు వేఱు రేవుల విడిచినప్పుడు, వారు కలసి చేసికొన్నవి యొక్కొక్క రేవున నొక్కొక్కటిగా నుండుట సహజము.

వాద్యముల చరిత్రయు నిట్లే సాక్ష్య మిచ్చుచున్నది. 1820లలో బ్రెజిలున నుండి, 1835 నాఁటికిఁ దన సచిత్రగ్రంథమును ముగించిన రుగెందాస్ అను జర్మను చిత్రకారుఁడు కపోయెరా చిత్ర మొకటి వ్రాసెను. అందు డోలున్నది, విల్లు లేదు. అతని సమకాలికుఁడు డెబ్రే వింటిని మీటు గ్రుడ్డి వృద్ధుని జిత్రించెను. అందుఁ గపోయెరా లేదు. రెండును ఆఫ్రికావారివే, కలసినది బ్రెజిలులో, పిమ్మట. నేఁడు విల్లు లేని కపోయెరాను దలఁపనైనఁ దలఁపలేము. ఆట వడి, తీరు, ఆరంభము, అంతము, అన్నియు వింటి యాజ్ఞయే.

1888 మే 13న బానిసత్వము రద్దయ్యెను. 1889 నవంబరు 15న రాజరికము పోయి గణతంత్రము వచ్చెను. అప్పటికి రియోలోఁ గపోయెరాలు నగోవాలు, గ్వాయముజులు అను రెండు పెద్ద దండ్లుగాఁ జీలి, యెన్నికలలో రాజకీయపక్షములకుఁ గత్తులై యుండిరి. వారిలో దెల్లవారును జేరియుండిరి. గణతంత్రపుఁ దొలి పోలీసధిపతి సంపాయో ఫెరాస్ వారిని వందలకొలఁదిగాఁ బట్టి ఫెర్నాందో ద నొరోన్య ద్వీపమునకుఁ బంపెను. సంపన్నకుటుంబమువాఁ డొకఁడు పట్టువడఁగా మంత్రి యొకఁడు రాజీనామా యిత్తునని బెదరించెను. అయినను వానిని వెడలఁగొట్టిరి. 1890 అక్టోబరు 11నాఁటి శిక్షాస్మృతిలో 13వ యధ్యాయమునకు వదియులును గపోయెరాలును అని పేరు. వదియు వనఁగాఁ బనిపాటు లేక తిరుగువాఁడు. అందలి 402వ నిబంధనము, కపోయెరాజెమ్ అను పేరఁ దెలియఁబడు దేహలాఘవ కౌశలవ్యాయామములను వీథులలోఁ జేయుటకు 2 మొదలు 6 నెలలు చెఱ విధించెను. కౌశల మను నర్థముగల మాటయే యందుఁ బడినది! దర్భ పోయి నేర్పు నిలిచినట్లు, అడవియు గంపయుఁ బోయి నేర్పు నిలిచినది, నేర్పే నేరమైనది.

బహియా రాష్ట్రమున సాల్వదోర్ నగరమందలి పెద్దలు తమ యాటను దమలోఁ దా మేమని పిలుచుకొనెడివారో తెలిసినప్పుడు నే నొక్కింత సేపు పుస్తకము మూసితిని. వారు దానిని వదియసావ్ అనెడివారు. వదియువులు చేయునది వదియసావ్. స్మృతి తమ మొగమునఁ గొట్టిన మాటనే తీసికొని యాటకుఁ బేరుపెట్టుకొనిరి. ఈ యూహ తప్పు గావచ్చును, మాట స్మృతికంటెఁ బ్రాఁతది గావచ్చును. అప్పుడును, శాసనకర్తకు సోమరితనమైనది దినమంతయు బరువులు మోసినవానికిఁ దనదైన యొక గడియ యని తెలియుచునే యున్నది. సెలవుదినమున, పండుగలలో, మద్యపు దుకాణముల ముందఱ నాడెడివారు. గుఱ్ఱపు పోలీసులు వచ్చుచున్నచో విల్లు కవలరియ యను గతిని మ్రోఁగించి హెచ్చరించునని చెప్పుదురు. ఆ గతి నేఁటికి నున్నది.

ఆడుట యను క్రియకు వారి ధాతువు జొగార్. పరిహాస మాడుట యను లాటిను ధాతువునుండి వచ్చినది; జూదమునకు నిదియే. కపోయెరాను బోరాడుదు మనరు, ఆడుదు మందురు. మన ధాతుపాఠమున దివు ధాతువునకు క్రీడ, జయేచ్ఛ, వ్యవహారము, స్తుతి, మోదము, మదము, గతి మున్నగునవి కలసి పది యర్థములు చెప్పఁబడియున్నవి. బాల్యమున వల్లించునప్పుడు ఇన్ని యర్థము లొక ధాతువున నెట్లిముడునని విసుగుకొనెడివాఁడను. రోడను జూచిన పిమ్మట విసుగు తీఱినది. ఇద్దఱు క్రీడించుచున్నారు; గెలువఁగోరుచున్నారు; పాట దేవతలను గురువులను స్తుతించుచున్నది; అలసినప్పుడు వలయము చుట్టు నడచుటకు లోకము చుట్టివచ్చుట యని పేరు. ఇందు మెచ్చఁదగిన గుణమునకు మలీసియ యందురు. ద్వేషము గాదు, ఎదుటివాఁ డేమి తలఁచునో ముందే తలఁచి, తా నేమి తలఁచెనో తెలియనీయకుండుట. యజమాని మొగము చూచి బ్రదుకవలసినవానికి ఆ గుణ మెక్కడ నలవడినదో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఈ విద్య గురువును మెస్త్రి యందురు. మన తాపీమేస్త్రియు నితఁడును నొక్క పోర్చుగీసు మాట సంతానమే. 20వ శతాబ్దిలో నిద్దఱు మేస్త్రులు ముఖ్యులు. బింబ యనఁబరగిన మనుయెల్ దోస్ రెయిస్ మషాదో 1932లో సాల్వదోరునఁ బాఠశాల తెఱచెను. తన పద్ధతికి బహియా ప్రాంతీయయుద్ధ మని పేరిడెను. అందుఁ గపోయెరా మాట లేదు. ఆ మాట యప్పటికి శిక్షాస్మృతిలో నున్నది గదా. 1937లోఁ బ్రభుత్వ మాతని పాఠశాలను గుర్తించెను. 1940నాఁటి క్రొత్త స్మృతిలో నా నేరము లేదు. 1953లో దేశాధ్యక్షుఁడు వర్గాస్ ఆతని శిష్యుల ప్రదర్శనమును జూచెను. బింబ 1974లో గొయానియాలో దివంగతుఁడయ్యెను.

రెండవవాఁడు విసెంచె ఫెరెయిర పస్తీన్య, 1889లోఁ బుట్టినవాఁడు. బాల్యమునఁ దన్నొక బాలుఁడు నిత్యము కొట్టుచుండఁగా, బెనెదీతో అను నంగోలావృద్ధుఁడు కిటికీనుండి చూచి, పిలిచి నేర్పె నని యతఁడు చెప్పెడివాఁడు. 1941లో నంగోలా కపోయెరా కేంద్రమును నెలకొల్పెను. 1966లో డాకారు నగరపు నల్లజాతి కళోత్సవమునకు బ్రెజిలు పక్షమున నేఁగెను. సాల్వదోరునఁ బెలొరీన్యొ యను చోట నాతని పాఠశాల యుండెను. పెలొరీన్యొ వనఁగా బానిసలను గట్టి కొట్టు స్తంభము. స్తంభము పోయినను బేరు నిలిచినది. 1971లో నా చోటును బాగుచేయుదు మని యాతనిని ఖాళీ చేయించిరి. తిరిగి యిత్తు మన్నారు గాని, యీయలేదు. అక్కడ భోజనశాల వెలసెను. పస్తీన్య చూపుపోయి, బీదతనమున 1981 నవంబరు 13న మరణించెను. 2008లో బ్రెజిలు ప్రభుత్వము రోడను, మేస్త్రుల విద్యను జాతీయసంపదగా నమోదు చేసెను. 2014లో యునెస్కో రోడను మానవజాతి వారసత్వపుఁ బట్టికలోఁ జేర్చెను. ఆతని శిష్యుఁడు జువావ్ పెకెనో 1982లో గురువు పేరిటి పాఠశాలను సాల్వదోరులోనే సంత్ ఆంతోనియో కోటలో మరలఁ దెఱచెను. ఆ కోట యంతకుముందు చెఱసాల. నేఁడు దానికిఁ గపోయెరా కోట యని పేరు.